ఆపరేషన్ అయిన కంటికి ఆరు వారాల కాపలా

(రామతీర్థంలో సాయంత్రం చదువు కేంద్రానికి వచ్చే మహిళలకు వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)

పొద్దుటి నుంచి పొలం పని, ఇంటి పని చేసుకున్నారు. పిల్లలకి అన్నం పెట్టి ఇక్కడికి వచ్చారు. అలిసిపోయి ఉంటారు. ఇవాళ పలకలు కాసేపు పక్కన పెడదాం. కంటి గురించి మాట్లాడుకుందాం.

కన్ను గురించే ఎందుకు? అక్షరం చదవాలన్నా, బియ్యంలో రాయి ఏరాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా కన్నే కావాలి. మనలో కొందరి ఇళ్లలో అత్తకో, అమ్మకో శుక్లం ఆపరేషన్ చేయించాలి. కొందరి ఇళ్లలో ఇప్పటికే అయింది. ఆపరేషన్ చేయించుకోమని అందరూ చెప్తారు. చేయించుకుని ఇంటికి వచ్చాక ఆ కంటిని ఎలా కాచుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇవాళ ఆ సంగతి తెలుసుకుందాం.

శుక్లం అంటే ఏమిటి?

మన కంటి లోపల చిన్న అద్దం లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని కటకం అంటారు. వెలుగు దానిలోంచే కంటి లోపలికి పోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అద్దం మసకబారుతుంది. లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు అవుతుంది. దాన్నే శుక్లం అంటాం.

శుక్లం చుక్కల మందుతో కరగదు. ఆకు పసరుతో పోదు. ఆపరేషన్ ఒక్కటే దారి. డాక్టరు ఆ మసక అద్దాన్ని తీసేసి, దాని చోట కొత్త అద్దం పెడతారు. 15, 20 నిమిషాల పని. చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. కొందరు మర్నాడు వస్తారు.

మన దేశంలో 2015 నుంచి 2019 వరకు ఒక పెద్ద సర్వే చేశారు. 50 ఏళ్లు దాటినవాళ్ల కళ్లు చూశారు. చూపు పోయినవాళ్లు 100 మంది ఉంటే, వాళ్లలో 66 మందికి కారణం శుక్లమే. ఆపరేషన్ అందక వాళ్లు చీకట్లో ఉన్నారు. అందుకే మొదటి మాట ఇది. ఆపరేషన్ అవసరమైతే చేయించుకోవాలి. భయపడి మానెయ్యకూడదు.

మరి భయం దేనికి?

ఆపరేషన్ అయ్యాక కొందరికి కంటి లోపల క్రిములు చేరతాయి. ఇది అందరికీ వచ్చేది కాదు. వెయ్యి ఆపరేషన్లు జరిగితే ఒకరికి రావచ్చు. ఇంకా తక్కువే రావచ్చు. అయితే వచ్చినవాళ్లకి మాత్రం చూపు పోయే ప్రమాదం ఉంది. తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్తే చూపు దక్కే అవకాశం ఎక్కువ. ఆలస్యం చేస్తే తక్కువ.

ఆ క్రిములు రెండు రకాలు. ఒకటి బాక్టీరియా. రెండోది ఫంగస్. ఫంగస్ అంటే బూజు.

బూజు మనకి కొత్త కాదు. ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెడితే ఏమవుతుంది? ఆ రోజు ఏమీ కనిపించదు. మర్నాడూ కనిపించదు. జాడీ మూత పెట్టి అటక మీద పెట్టేస్తాం. కొన్నాళ్లకి మూత తీస్తే పైన తెల్లగా బూజు. తడిసిన గడ్డిమేటులోనూ అంతే. పైకి బాగానే ఉంటుంది. లోపల నల్లబడిపోతుంది.

కంట్లో కూడా బూజు అలాగే పెరుగుతుంది. బాక్టీరియా తొందరగా బయటపడుతుంది. ఎక్కువగా మొదటి వారంలోనే కన్ను ఎర్రబడి, నొప్పి పుడుతుంది. బూజు తొందరపడదు. రెండు వారాలకో, మూడు వారాలకో, నెలకో బయటపడుతుంది. ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా వస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరు కంటిని చూస్తారు. మళ్లీ వారానికి చూస్తారు. ఆ తర్వాత నెలకో, నెలన్నరకో రమ్మంటారు. ఈ మధ్యలో మూడు, నాలుగు వారాలు ఆ కంటిని చూసేవాళ్లు ఎవరు? డాక్టరు చూడరు. నర్సు చూడదు. బూజు బయటపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు కాపలా ఉండాల్సింది ఇంట్లోవాళ్లే. అంటే మనమే.

బూజు కంట్లోకి ఎలా వస్తుంది?

మొదటి దారి ఆపరేషన్ గదిలోంచి. కంటిని కడగడానికి అక్కడ సెలైన్ లాంటి ద్రవం వాడతారు. ఇంజక్షన్లు, జెల్లు కూడా వాడతారు. వాటిలో క్రిమి ఉంటే నేరుగా కంటి లోపలికి పోతుంది. డాక్టరు ఎంత మంచివారైనా, చేతులు ఎంత శుభ్రంగా కడుక్కున్నా ఆ క్రిమి ఆగదు.

ఇలాంటిది మన తెలుగువాళ్లకే జరిగింది. 2016 జూన్ 30న హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్లు చేశారు. 13 మంది కళ్లలో క్రిములు చేరాయి. వాళ్లలో కొందరికి చూపు పోయింది. కంటిని కడగడానికి వాడిన సెలైన్ సీసాలను పరీక్ష చేశారు. వాటిలో బాక్టీరియా ఉన్నట్టు తేలింది. అది బాక్టీరియా కాబట్టి వెంటనే బయటపడింది.

బూజు విషయం వేరుగా ఉంటుంది. 2012లో అమెరికాలో ఏం జరిగిందో వినండి. కాలిఫోర్నియా అనే రాష్ట్రంలో ఒక ఆపరేషన్ కేంద్రం ఉంది. రోగులు పొద్దున వచ్చి, ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రానికి ఇంటికి పోయే కేంద్రం. అక్కడ ఆపరేషన్ అయిన తొమ్మిది మంది కళ్లలో బూజు పట్టిందని మార్చి నెలలో తెలిసింది. ఆ ఆపరేషన్‌లో వాడిన రంగు మందు ఇంకో రాష్ట్రంలో ఒక మందుల షాపువాళ్లు కలిపి పంపించారు. బూజు ఆ మందులోనే ఉంది. ఆ షాపు మందులు వెళ్లిన మిగతా చోట్ల వెతికారు. మొత్తం మీద 30 మందికి పైగా ఇలాగే జబ్బు వచ్చింది. చాలామందికి చూపు దెబ్బతింది.

2020లో దక్షిణ కొరియా దేశంలో కూడా ఇలాగే జరిగింది. శుక్లం ఆపరేషన్‌లో వాడే జెల్ బూజు వల్ల పాడైంది. చాలా ఆసుపత్రుల్లో రోగులకి జబ్బు వచ్చింది. ఎక్కువమందికి కొన్ని వారాల తర్వాత తెలిసింది.

ఈ కథలు ఎందుకు చెప్పాను? డబ్బున్న దేశమైనా, పెద్ద ఆసుపత్రి అయినా ఒక్కోసారి ఇలా జరుగుతుందని తెలియడానికి. ఇంకో సంగతి కూడా ఉంది. రోగులు తొందరగా వచ్చి చెప్తే డాక్టర్లకి అనుమానం వస్తుంది. ఆ మందు ఎక్కడ తయారైందో, ఏ బాచ్ సీసానో వెతుకుతారు. మిగతా సీసాలు ఆపేస్తారు. ఒకరు నోరు విప్పితే పదిమంది కళ్లు దక్కుతాయి.

రెండో దారి మన ఇల్లు, మన పొలం. బూజు గడ్డిలో ఉంటుంది. వరి దుమ్ములో ఉంటుంది. కుళ్లిన ఆకులో, పశువుల సాలలో, తడి మట్టిలో, చెరువు నీళ్లలో ఉంటుంది. ఆపరేషన్ అయిన కంటికి చిన్న గాటు ఉంటుంది. అది పూర్తిగా మానడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఆ చేత్తో, ఆ నీళ్లతో కంటిని తాకితే బూజుకి తలుపు తీసినట్టే.

ఆపరేషన్ లేకపోయినా బూజు కంటికి వస్తుంది. వరి ఆకు కంట్లో గీసుకున్నా, కల్లంలో వరి గింజ ఎగిరి కంట్లో పడినా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. దానిలో బూజు పెరుగుతుంది. పొలం పని చేసేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఒక అవ్వ కథ

ఒక ఊళ్లో ఒక అవ్వ ఉందనుకోండి. నూర్పుల కాలంలో ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పారు. మనవడి మొహం చూసింది. "ఒలమ్మ! గుంటడు ఎంత పెద్దోడైపోనాడు!" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. వారానికి డాక్టరు చూసి బాగుంది అన్నారు.

18వ రోజున ఆ కన్ను కొంచెం ఎర్రబడింది. కొంచెం మసకేసింది. నొప్పి పెద్దగా లేదు. పొయ్యి పొగ వల్ల అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

20వ రోజున కోడలు చూసింది. "అత్తా, కన్నేటి అలాగుంది?" అంది. పక్కింటావిడకి ఇదివరకు ఆపరేషన్ అయింది. ఆవిడ దగ్గర సగం వాడిన చుక్కల సీసా ఉంది. అది తెచ్చి వేశారు. రెండు రోజులు ఎరుపు తగ్గింది. "చూశావా, మందు పనిచేసింది" అనుకున్నారు.

24వ రోజున రెప్ప వాచింది. రాత్రంతా నొప్పి. పొద్దున లేచి చూస్తే చెయ్యి ఊపడం మాత్రమే తెలుస్తోంది. వేళ్లు లెక్కపెట్టలేకపోయింది. కొడుకు కల్లం పని అయ్యాక తీసుకెళ్తానన్నాడు. 27వ రోజున ఆసుపత్రికి వెళ్లారు. డాక్టర్లు కష్టపడ్డారు. కనుగుడ్డు నిలిచింది. చూపు నిలవలేదు.

అవ్వ 18వ రోజునే ఎందుకు చెప్పలేదు? మీరే చెప్పండి. నేను అడిగితే మీలో ఒకరు వెంటనే అన్నారు. "కొడుకు కూలి పోద్దని." ఇంకొకరు అన్నారు. "కాటికి కాళ్లు సాపుకున్నదాన్ని, నాకెందుకీ ఖర్చు అనుకుంటాది."

అవును. మన ఇళ్లలో ఆడవాళ్లు జబ్బు దాచుకుంటారు. అందరూ తిన్నాక తింటారు. అందరికీ మందులు తెచ్చాక తెచ్చుకుంటారు. కంటి విషయంలో ఈ ఓర్పు పనికిరాదు. ఒక రోజు కూలి పోతే మళ్లీ వస్తుంది. కన్ను పోతే రాదు. చూపు పోయిన అవ్వని బయటికి తీసుకెళ్లడానికి, అన్నం పెట్టడానికి రోజూ ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అప్పుడు ఎన్ని రోజుల కూలి పోతుంది? లెక్క మీరే వెయ్యండి.

18వ రోజునే వెళ్లి ఉంటే చూపు తప్పకుండా దక్కేదని ఎవరూ మాటివ్వలేరు. దక్కే అవకాశం మాత్రం చాలా ఎక్కువ ఉండేది.

ఏ గుర్తులు కనిపిస్తే వెళ్లాలి?

కన్ను ఎర్రబడడం.
నొప్పి.
చూపు తగ్గడం, మసకెయ్యడం.
రెప్ప వాపు.
చీము, పుసి ఎక్కువగా రావడం.
నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ.
వెలుగు చూడలేకపోవడం.
కళ్ల ముందు నల్ల చుక్కలు కొత్తగా ఆడడం.

ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజులు కంట్లో గరగర, కొంచెం నీరు కారడం మామూలే. అది రోజురోజుకీ తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, తగ్గిపోయి మళ్లీ వచ్చినా అది మామూలు కాదు. అన్ని గుర్తులూ కలిసి వచ్చేవరకు ఆగొద్దు. ఒక్కటి కనిపించినా ఆ రోజే వెళ్లాలి. ఆదివారమైనా వెళ్లాలి. పండగైనా వెళ్లాలి.

ఒక అప్ప అడిగారు. "టీచరమ్మా, నొప్పి నేకపోతే ఏటి భయం?"

మంచి ప్రశ్న. బూజు మొదట్లో పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు. చూపు మాత్రం మెల్లగా తగ్గుతుంది. రెండో కన్ను బాగుంటే అది కూడా తెలియదు. అందుకే రోజూ ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి.

రోజూ పొద్దున చేసే పరీక్ష

గోడకి కాలెండరు ఉంటుంది కదా. దాని ముందు రోజూ ఒకే చోట నిలబడాలి. ఆపరేషన్ కాని కంటిని అరచేత్తో మూయాలి. నొక్కకూడదు. ఆపరేషన్ అయిన కంటితో తేదీ అంకె చదవాలి. పెద్ద అంకెలు చదివాక చిన్నవి చదవాలి. నిన్న చదివిన అంకె ఇవాళ కనిపించకపోతే వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి.

అవ్వకి అంకెలు రాకపోతే? కోడలు వేళ్లు చూపించాలి. "ఎన్ని?" అని అడగాలి. గుమ్మం దగ్గర నిలబడి మొహం పోల్చమనాలి. ఒక నిమిషం పని. పొయ్యి వెలిగించే ముందు చెయ్యొచ్చు. ఆరు వారాలు చెయ్యాలి.

మీరు ఈ కేంద్రంలో అంకెలు నేర్చుకున్నారు. ఆ అంకెలు కంటికి కాపలా కాస్తాయి.

చుక్కల మందు సంగతి

ఆపరేషన్ అయ్యాక డాక్టరు చుక్కల మందు రాస్తారు. దానిలో సాధారణంగా స్టీరాయిడ్ అనే మందు ఉంటుంది. అది వాపు తగ్గిస్తుంది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వేస్తే మంచి చేస్తుంది. రోజుకి ఆరుసార్లు అంటే ఆరుసార్లే. తర్వాత నాలుగుసార్లు అంటే నాలుగే. ఆపమన్న రోజున ఆపాలి. మన ఇష్టంతో మధ్యలో మానకూడదు. ఆపమన్నాక మళ్లీ వెయ్యకూడదు.

ఎందుకంటే బూజు చేరిన కంట్లో స్టీరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గుతుంది. బూజు తగ్గదు. ఇంకా పెరుగుతుంది. కాపలా కుక్క నోరు కట్టేసి దొంగని ఇంట్లోకి పంపినట్టు అవుతుంది. అరుపు వినిపించదు. ఇల్లు దోచుకుపోతాడు. అవ్వ కథలో రెండు రోజులు ఎరుపు తగ్గింది కదా? జరిగింది అదే.

2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది ముక్కులోంచి కంటికి పాకే వేరే బూజు. షుగరు అదుపులో లేనివాళ్లకి, స్టీరాయిడ్ ఎక్కువగా వాడినవాళ్లకి అది ఎక్కువగా వచ్చింది. ఆపరేషన్ అయిన కంటి విషయంలో కూడా షుగరు ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆపరేషన్‌కి ముందే షుగరు పరీక్ష చేయించుకోవాలి. ఉంటే డాక్టరుకి చెప్పాలి.

చుక్కలు వేసే పద్ధతి కూడా తెలుసుకుందాం. ముందు చేతులు సబ్బుతో కడగాలి. వెల్లకిలా పడుకోవాలి. కింది రెప్పని వేలితో మెల్లగా కిందికి లాగాలి. ఒక్క చుక్క వెయ్యాలి. సీసా మూతి కంటికి గానీ, రెప్పకి గానీ, వేలికి గానీ తగలకూడదు. తగిలితే జాడీలో తడి చెయ్యి పెట్టినట్టే. రెండు మందులు ఉంటే మధ్యలో 5 నిమిషాలు ఆగాలి. మూత వెంటనే పెట్టాలి. ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు. మూత తీసిన సీసాని నెల దాటాక పారెయ్యాలి. మూత తీసిన రోజున తేదీ సీసా మీద మీరే రాయండి. మీకు రాయడం వచ్చు.

ఇంకో పిన్ని అడిగారు. "మరి చనుబాలు వెయ్యొచ్చా? నందివర్ధనం పువ్వు పెట్టొచ్చా? సలవ సేస్తాది కదా?"

మామూలు రోజుల్లో పెద్దవాళ్లు చలవకి చేసే పనులివి. ఆపరేషన్ అయిన కంట్లో మాత్రం ఏదీ వెయ్యకూడదు. చనుబాలు వద్దు. పువ్వు రసం వద్దు. ఆముదం వద్దు. తేనె వద్దు. ఆకు పసరు వద్దు. వాటిలో ఏ క్రిమి ఉందో మన కంటికి కనిపించదు. డాక్టరు రాసిన మందు తప్ప ఇంకేదీ ఆ కంటిని తాకకూడదు.

ఆరు వారాల జాగ్రత్తలు

కంటిని నలపకూడదు. ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి. రాత్రి పడుకునేటప్పుడు కంటి మూత పెట్టుకోమంటే పెట్టుకోవాలి. డాక్టరు సరే అనేవరకు తల స్నానం వద్దు. మెడ కింద వరకు నీళ్లు పోసుకోవాలి. మొహాన్ని కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో, కంటిని వదిలేసి తుడుచుకోవాలి.

కల్లం దగ్గరికి, గడ్డిమేటు దగ్గరికి, పశువుల సాలలోకి పోకూడదు. పేడ ఎత్తకూడదు. కట్టెల పొయ్యి దగ్గర ఊదుతూ కూర్చోకూడదు. బరువు మొయ్యకూడదు. ఇవి ఎవరు చేస్తారు? ఇంట్లో మగవాళ్లు కొన్ని చెయ్యాలి. పిల్లలు కొన్ని చెయ్యాలి. ఆపరేషన్ అయిన మూడో రోజునే అవ్వ చేతికి చీపురు ఇస్తే మనమే ఆ కంటికి శత్రువులం అవుతాం.

చెరువు స్నానం, కోనేటి స్నానం అసలు వద్దు. శివరాత్రి జాతరకి మన రామతీర్థానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దేవుడి నీళ్లకి దోషం ఏముంటుందని కొందరు అంటారు. నీళ్లు దేవుడివే. ఆ నీళ్లలో వేలమంది కాళ్లు కడుగుతారు కదా. ఆ ఏడాది గట్టు మీద నిలబడి దండం పెట్టుకుంటే చాలు. వచ్చే ఏడాది రెండు కళ్లతో కొండని చూడొచ్చు.

చీటీ చదవండి, చీటీ దాచండి

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఒక చీటీ ఇస్తారు. డిశ్చార్జి చీటీ అంటారు. చాలామంది దాన్ని మడిచి దూలంలో దోపేస్తారు. ఆ చీటీ కంటికి జాతకం లాంటిది.

దానిలో ఆపరేషన్ జరిగిన తేదీ ఉంటుంది. ఏ కంటికో ఉంటుంది. కంట్లో పెట్టిన అద్దం వివరాల కాగితం అతికించి ఉంటుంది. మందుల పేర్లు, ఎన్నిసార్లు వెయ్యాలో ఉంటుంది. మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. ఆసుపత్రి ఫోను నంబరు ఉంటుంది. తెలుగులో లేకపోతే సిగ్గుపడకండి. "అమ్మా, తెలుగులో రాసివ్వండి" అని అక్కడే అడగండి. అడగడం తప్పు కాదు. "రాత్రిపూట కన్ను నొప్పి పెడితే ఏ నంబరుకి చెయ్యాలి?" అని కూడా అడగండి. ఆ నంబరు గోడ మీద పెద్దగా రాసుకోండి.

చీటీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తడి తగలని చోట దాచండి. ఏ కష్టం వచ్చినా ఆ చీటీతో పాటు చుక్కల సీసాలు కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత సీసా పారెయ్యకండి. జబ్బు మందులోంచే వచ్చిందని అనుమానం వస్తే ఆ సీసా మీది బాచ్ నంబరు పనికొస్తుంది.

ఊళ్లో కంటి శిబిరం పెడితే కళ్లు పరీక్ష చేయించుకోండి. ఆపరేషన్ మాత్రం ఆసుపత్రిలో, ఆపరేషన్ గదిలోనే జరగాలి. బడి గదిలోనో, సత్రంలోనో చేస్తామంటే ఒప్పుకోకండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

మొదట ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఆయన దొరకకపోతే ఆగకుండా దగ్గరలో ఉన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మనకి నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. విజయనగరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి కూడా 2006 నుంచి విశాఖపట్నంలో శాఖ ఉంది. అక్కడ పేదవాళ్లకి ఉచితంగా కూడా చూస్తారు.

డాక్టరు కంటికి మత్తు ఇస్తారు. సన్నని సూదితో లోపలి నీరు ఒక చుక్క తీస్తారు. దాన్ని భూతద్దంలాంటి యంత్రం కింద చూస్తారు. విత్తనం మొలకెత్తించినట్టు ఆ క్రిమిని పెంచి చూస్తారు. బూజు మొలవడానికి కొన్ని రోజులు పడుతుంది. "నిన్న పరీక్ష చేశారు, ఇంకా చెప్పలేదేం?" అని కోపగించుకోకండి. వైద్యం ఈలోగానే మొదలుపెడతారు.

బాక్టీరియాని చంపే మందు బూజుని చంపదు. బూజుకి వేరే మందు ఉంది. దాన్ని కంటి లోపలికి ఇంజక్షన్‌గా ఇస్తారు. అవసరమైతే ఇంకో ఆపరేషన్ చేసి లోపల చేరిన చీముని, బూజుని కడిగేస్తారు. వైద్యం వారాలు పట్టొచ్చు. మధ్యలో మానకూడదు. షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతో ఈ జబ్బు తగ్గదని దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది.

చివరిగా ఒక మాట

ఇవాళ ఇంటికి వెళ్లాక మీ అత్తనో, అమ్మనో, పక్కింటి అవ్వనో అడగండి. "కన్ను ఎలా ఉంది?" అని అడగండి. "బాగానే ఉంది" అంటే నమ్మి ఊరుకోకండి. రెండో కన్ను మూయించి వేళ్లు చూపించండి. ఆవిడ నోరు విప్పి చెప్పకపోయినా ఆ వేళ్ల లెక్క చెప్తుంది.

మీలో ఎవరికైనా ఆపరేషన్ అయితే, జబ్బు దాచుకోకండి. మీ కంటి గురించి అడిగే హక్కు మీకుంది. మీరు బాగుంటేనే మీ ఇల్లు బాగుంటుంది.

గుర్తుంచుకుందాం

1. శుక్లానికి ఆపరేషన్ మంచి వైద్యం. భయపడి మానొద్దు.
2. బూజు ఆలస్యంగా బయటపడుతుంది. ఆరు వారాలు రోజూ కంటిని పరీక్షించుకోవాలి.
3. ఎరుపు, నొప్పి, మసక. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.
4. డాక్టరు రాయని చుక్కలు, పసర్లు కంట్లో వెయ్యకూడదు.
5. చీటీ, చుక్కల సీసాలు జాగ్రత్తగా దాచాలి.

ఆలోచించండి, చెప్పండి

1. కథలో అవ్వ కన్ను ఎర్రబడిన సంగతి ఎందుకు చెప్పలేదు? మన ఇళ్లలో ఇలా జరుగుతుందా?
2. చుక్కలు వేశాక ఎరుపు తగ్గింది. అయినా జబ్బు ఎందుకు పెరిగింది?
3. మీ ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అయితే ఆరు వారాలు ఎవరు ఏ పని చెయ్యాలి? ఒక జాబితా రాయండి.
4. మీ ఇంట్లో ఉన్న మందు సీసా ఒకటి తెండి. దాని మీద తయారైన తేదీ, గడువు తేదీ, బాచ్ నంబరు వెతికి చదవండి.